వేలర్ అని రాసిన అర్జీ

మొన్న మా మనవరాలు ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చి "తాతా, వేలర్ అంటే ఏంది?" అని అడిగింది. చంద్రపూర్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ని, ఆ మాటను మాత్రం వివరించబోలేదు. ధైర్యం అని ముక్తసరిగా చెప్పి, మాత్ర వేసుకునే వంకతో లోపలికి వెళ్లిపోయాను.

ఆ మాట కొత్తగా నేర్చుకున్న రోజుల్లో నా అంత గర్విష్ఠి మా కాలనీలో లేడు. కరీంనగర్ వైపు నుంచి బొగ్గుగనుల కోసం వచ్చిన కుటుంబాలు మావి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఇక ఇంగ్లీషంటే అర్జీలు రాసే భాష. మాస్టరుగా అప్పుడే చేరిన నేను, కరేజ్ అనేది సూది వేయించుకునే ముసలమ్మకైనా సరిపోయే మాట అనీ, వేలర్ మాత్రం యుద్ధ కావ్యాల్లో రాజులకూ సేనాపతులకూ కవులు దాచిపెట్టుకునే మాట అనీ పిల్లలకు చెప్పి మురిసిపోయేవాణ్ని. మీ బడిలోనూ అలాంటి కొత్త మాస్టరు ఒకడు ఉండే ఉంటాడు.

ఆ ఏడు వానాకాలంలో గనిలోకి నీళ్లు విరుచుకుపడి మా బావ చనిపోయాడు. పంపు దగ్గర పనిచేసే ఆయన పైకి వచ్చేశాక, లోపల ఇద్దరు ఉండిపోయారు, పోయి తీసుకురమ్మని పనివాళ్ల మీద పెద్దగా ఉండే సర్దార్ పంపితే మళ్లీ దిగాడు. ఆ ఇద్దరూ బయటపడ్డారు, బావ రాలేదు. ఆయన ఉద్యోగం అక్కకు ఇమ్మని అర్జీ పెట్టాలి. అది వస్తేనే క్వార్టర్ నిలుస్తుంది, ఇద్దరు ఆడపిల్లల చదువు నిలుస్తుంది. ఇంగ్లీషులో రాయగలిగినవాణ్ని ఇంట్లో నేనొక్కణ్నే.

"మీ బావ గురించి మంచిగ రాయి తమ్మీ" అంది అక్క.

మంచిగానే రాశాను. బావ మీద ప్రేమ ఎంత నిజమో, నా ఇంగ్లీషు మీద మోజూ అంతే నిజం. సర్దార్ పంపితే వెళ్లాడంటే అది చెప్పిన పని చేసినట్టుంటుంది గానీ వేలర్ ఎలా అవుతుందనుకుని, ఆ వాక్యం కొట్టేసి, ఎవరూ పొమ్మనకపోయినా, ప్రాణం లెక్కచేయకుండా తనంతట తానే వెళ్లాడనీ, అది వేలర్ అనీ రాశాను. చదివి అర్థం చెబితే అక్క కళ్లు తుడుచుకుని వేలిముద్ర వేసింది.

జవాబు ఒక పేజీ కూడా లేదు. పైవాళ్ల ఆజ్ఞ లేకుండా తన ఇష్టంతో వెళ్లాడని భార్యే ఒప్పుకుంది కనుక ఉద్యోగం కుదరదట. బతికి బయటపడ్డ ఇద్దరూ సర్దారే పంపాడని చెప్పబోతే ఆఫీసువాళ్లు నా కాగితమే వాళ్ల ముందు పెట్టారు. సర్దార్ నోరు మెదపలేదు. ఆ జవాబు అక్కకు చదివి వినిపించిందీ నేనే. ఇవ్వరట అని మాత్రం చెప్పాను, ఎందుకో చెప్పలేదు. క్వార్టర్ ఖాళీ చేయించారు. అక్క మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయింది, పెద్దపిల్ల బడి మానేసి ఆమె వెంట నడిచింది.

"నా తమ్ముడు గంత మంచిగ రాసిండు, ఆఫీసోళ్లే ఇయ్యలే" అని అక్క ఎవరు కనబడినా చెప్పేది. మంటలెక్కిన ఆ చేతులతోనే నాకు అన్నం పెట్టేది, నేను తలవంచుకుని తినేవాణ్ని.

ఇప్పుడు అర్జీలన్నీ అచ్చు ఫారాలు. కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి అడిగినదానికి అవుననో కాదనో చెబితే చాలు, అలంకారాలకు చోటే లేదు. భాష ఎండిపోయిందని నా ఈడువాళ్లు వాపోతుంటే నేను గొంతు కలపలేను. అక్క పోయి మూడేళ్లయింది. అక్కా, ఆ తప్పు నాదే అన్న ఒక్క మాట ఆమె బతికుండగా చెప్పలేకపోయాను. ఆమె ఆఫీసును తిట్టుకుంటూ, నన్ను మెచ్చుకుంటూనే పోయింది.