అగ్గిపుల్ల ఆరలేదు

ఆ రోజు చెత్తకుప్పకు నిప్పంటించి, చేతిలోని అగ్గిపుల్లను ఊదితే ఆరలేదు. మళ్లీ ఊదాను, వేలు కాలింది. నా ఒంట్లో ఏదో తేడా చేసిందని అప్పుడే అనిపించింది.

ఎనభైల మొదట్లో మాట. వరంగల్ బజార్ల నుంచి బండ్లు తెచ్చి పోసే చెత్తను తగలబెట్టడం నా పని. ముందు ఆకులూ విస్తర్లూ ఉండేవి. తరవాత ప్లాస్టిక్ సంచులు, టైరు ముక్కలు, సీజన్‌లో రంగు పోయి పారేసిన తాలు మిర్చి కూడా రాసాగాయి. దగ్గు పట్టుకుంది. మా అత్త దిష్టి అని తేల్చి, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. పొద్దంతా పీల్చిన ఘాటు చాలలేదన్నట్టు ఇంట్లోనూ అదే.

నా తోడికోడలు సరోజన బస్టాండు ఊడ్చేది. మా ఇళ్లకు మధ్య ఒకటే గోడ. ఆమె గొట్టంతో ఒక్క ఊదుకు పొయ్యి రాజేస్తుంటే నాకు కడుపు మండేది. మేడారం జాతరకు నెత్తిన బెల్లం మోస్తూ నడిచిపోయింది. నేను ఎడ్లబండిలో కూర్చుని, ఆమెను చూసి ఏడుస్తూ పోయాను.

దవాఖానలో ఎక్స్‌రే తీశారు, కళ్లె పరీక్ష చేశారు. టీబీ లేదన్నారు. డాక్టరు అగ్గిపుల్ల గీసి నా మూతికి జానెడు దూరంలో పెట్టాడు. “నోరు పెద్దగ తెరిచి ఊదమ్మా.” ఆరలేదు. తోడొచ్చిన సరోజన ఊదితే ఠక్కున ఆరింది. ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకింకా గుర్తే.

“క్రానిక్ బ్రాంకైటిస్. మందులిస్త. పొగల పని మాత్రం బంద్ చెయ్యాలె” అన్నాడు డాక్టరు.

మా పని చూసే మున్సిపాలిటీ జవానును బతిమాలాను. “నీ జాగల ఎవర్ని పెట్టాలె?” అన్నాడు.

“సరోజనను పెట్టున్రి. దానికి గట్టి ఊపిరున్నది.”

బస్టాండుకు మారాక కొంచెం కోలుకున్నాను. కొన్ని నెలలకు గోడ అవతల దగ్గు మొదలైంది. అబద్ధమెందుకు, మొదటిసారి విన్నప్పుడు సంతోషమేసింది. ఒక పొద్దున సరోజన పొయ్యి గొట్టం నా చేతికిచ్చింది. “అక్కా, జర నువ్వు ఊదవా?” నాకూ ఊపిరి చాలలేదు. ఇద్దరం ఆరిన పొయ్యి ముందు కూర్చున్నాం.

“నిన్ను ఆడ పెట్టించింది నేనే” అన్నాను.

“ఎరుకనే. జవాను ఆనాడే చెప్పిండు.”

“మరెందుకు పోయినవే?”

“పోకుంటే నువ్వు సస్తవని.”

మర్నాడు ఇద్దరం డాక్టరు చేత చీటీ రాయించుకుని జవాను దగ్గరికి వెళ్లాం. నిప్పు పెట్టేది లేదని కూర్చున్నాం. చాలా రోజులు తిట్లు తిన్నాక, ఆకులూ కూరగాయల చెత్తా గుంటల్లో పోసి మట్టి కప్పడం మొదలైంది. ఆ ఎరువును రైతులు తీసుకెళ్లేవాళ్లు. రబ్బరు, ప్లాస్టిక్ వేరుగా తీసేవాళ్లు.

పొగ మానాక సరోజన దగ్గు తగ్గింది, ఇప్పుడు గబగబా మెట్లెక్కుతుంది. నాకు సగంలోనే ఆయాసం, ఈర్ష్య కూడా పూర్తిగా పోలేదు. పొగలో పనిచేస్తూ దగ్గేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు చీటీ తీసుకుని వెళ్లి ఆ మంట ఆపమని అడగండి. మీ జాగాలో ఇంకొకరిని పెట్టమని మాత్రం అడక్కండి. వాళ్లు మీకోసం వెళ్తారు.