పెట్టెలో ఊదినాయన వాటా

నా చిన్నప్పుడు నేను చేసిన పనుల్లో, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుపడేది ఒకటుంది. ఒక ముసలాయన గుమ్మం ముందు నిలబడి, ఆయన నోటికాడి ముద్ద పోయిందన్న కబురు నవ్వుకుంటూ చెప్పాను. ఎనిమిదేళ్ల పిల్లకు ఏం తెలుస్తుందిలే అని మీరనొచ్చు. తెలియకపోతే మాత్రం, అంత సంబరంగా చెప్పాలా?

నైజాం పోయిన నాలుగైదేళ్ల తర్వాతి సంగతి ఇది. మాది తాండూరుకు రెండు కోసుల దూరంలోని పల్లె. మా ఊళ్లో ఎవరింట్లో పెండ్లయినా సన్నాయి తాతే ఊదాలి. ఆయనకు వేరే పేరు ఉండే ఉంటుంది గానీ, మాలో ఎవరికీ దాంతో పని పడలేదు. ఊదిన రోజున చేతిలో పెట్టేది తాంబూలం, అందులో ఒక రూపాయి. అసలు ప్రతిఫలం కళ్లంలో. జొన్నలు తూర్పారపట్టిన నాడు తాత వచ్చి ఓ పక్కన నిలబడితే, ఆ ఏడు పెండ్లి చేసిన ఇల్లు ఆయన వాటా కొలిచి పోసేది. ఎండాకాలమంతా ఆయనా, ఆయన ముసలమ్మా తినేది ఆ గింజలే.

ఆ ఏడు మాఘంలో మా మేనత్త పెండ్లి కుదిరింది. మా నాయన ఏదో పని మీద వికారాబాద్ వెళ్లి, అక్కడ ఎవరి పెండ్లిలోనో మైకు సెట్టు చూసి వచ్చాడు. ఇక ఆయనకు నిద్ర పడితే ఒట్టు! మనింట్లో కూడా పెట్టించాలి, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ వినపడాలి అని ఒకటే హడావిడి. సన్నాయాయన ఉండగా అదెందుకురా అని మా నాయనమ్మ అడిగితే, పాటల పెట్టె వస్తుంటే సన్నాయి దండగ అన్నాడు. ఆ మాటే తాతకు చెప్పి రమ్మని నన్ను పంపాడు.

నేను దారంతా గెంతుకుంటూ పోయాను. తాత గుమ్మంలో కూర్చుని సన్నాయి పీకను సరిచేసుకుంటున్నాడు, మా అత్త పెండ్లి కోసమే.

"తాతా, నువ్వు ఊదేది లేదట. మాకు పాటల పెట్టె వస్తున్నది. గది ఎంతసేపన్న పాడుతదట, దానికి దమ్మే రాదట!"

తాత పీకను అలాగే వేళ్ల మధ్య పట్టుకుని నా వైపు తిరిగాడు. "మంచిగ పాడుతదా బిడ్డా?" అని అడిగాడు. "మస్తు!" అన్నాను, నేనింకా దాని మొహమైనా చూడకుండానే. లోపల ముసలమ్మ రొట్టెలు చేస్తున్న చప్పుడు ఆగిపోయింది. ఆమె కన్నడ దేశపు ఆడపడుచు. నేను ఎప్పుడు వెళ్లినా "బా, బా" అని లోపలికి పిలిచి బెల్లం ముక్క చేతిలో పెట్టేది. ఆ రోజు కూడా పెట్టింది. దాన్ని చప్పరించుకుంటూ ఇంటికొచ్చేశాను.

పెండ్లి నాడు మైకు ఆయన రైల్లో వచ్చి తాండూరులో దిగితే, మా ఎడ్లబండి వెళ్లి తీసుకొచ్చింది. మైకును వేపచెట్టు కొమ్మకు కట్టాడు. పెట్టెకు చావి తిప్పి, నల్లటి రికార్డు పెట్టి, ముల్లు ఆనించగానే పాట! మేం పిల్లలం నోళ్లు తెరుచుకుని నిలబడిపోయాం. నాలుగు పాటలయ్యాక సన్నాయి రికార్డు వేశాడు. అప్పుడు చూశాను, పందిరి గుంజ దగ్గర సన్నాయి తాత నిలబడి ఉన్నాడు. ఊదవద్దని చెప్పాం గానీ రావద్దని చెప్పలేదు కదా. ఉతికిన ధోతి కట్టుకుని, ఖాళీ చేతులతో వచ్చాడు.

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. తల మెల్లగా ఊగుతోంది. "అబ్బ, ఏం ఊదుతుండురా! ఎవడోగాని, వాని నోరు సల్లగుండ!" అన్నాడు. ఆ ముఖంలో రవ్వంత కుళ్లయినా ఉందేమో అని తర్వాత ఎన్నోసార్లు గుర్తు చేసుకుని మరీ వెతికాను. లేదు. అంతలోనే రికార్డు గరగరమని ఆగిపోయింది. తాత ఉలిక్కిపడి కళ్లు తెరిచి పెట్టె దగ్గరికి వచ్చాడు.

"ఏమాయె? ఎందుకు ఆపిండు?"

"రికార్డు గంతే తాతా. మూడు నిమిషాలకు ఎక్కువ పట్టది" అన్నాడు మైకు ఆయన.

"అరె పాపం! పాట నడుమనే ఉండె గద. పూర్తి చెయ్యనియ్యలేదా ఆయనను?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. తాతకు అవేవీ పట్టలేదు. రికార్డులో ఊదినాయన ఇట్లా ఎన్ని పెండ్లిళ్లలో ఊదాడు అని అడిగాడు. తన పెట్టెతోనే లెక్కలేనన్ని పెండ్లిళ్లు అయ్యాయనీ, ఇలాంటి రికార్డులు ఊరూరా ఉన్నాయనీ చెప్పాడు మైకు ఆయన.

"మరి అన్ని పెండ్లిళ్లకు ఆయనకు ముట్టుతున్నదా?"

"ఇచ్చిందేదో ఊదిచ్చుకున్న నాడే ఇచ్చుంటరు. మళ్ల మళ్ల ఎవరిస్తరు తాతా!"

తాంబూలాలు ఇచ్చే వేళకు మా నాయనమ్మ, కొడుకు వైపు చూడనైనా చూడకుండా, ఎప్పటిలాగే సన్నాయి తాత చేతిలో తాంబూలం పెట్టింది. ఆయన దాన్ని కళ్లకద్దుకున్నాడు. తిన్నగా పెట్టె దగ్గరికి నడిచి దాని పక్కన పెట్టి, "నువ్వు ఏడున్నవోగాని కొడకా, గిది నీది" అని దండం పెట్టాడు. పందిరంతా గొల్లున నవ్వింది. ముసలోనికి మతి పోయిందన్నారు. ఆయన విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్లిపోయాడు.

ఆయన అటు మళ్లగానే మైకు ఆయన ఆకులు మడిచి బుగ్గన పెట్టుకున్నాడు, రూపాయి జేబులో వేసుకున్నాడు. అది నేను చూశాను. ఏం అర్థమైందో ఇప్పుడు సరిగా చెప్పలేను గానీ, చేతిలోని లడ్డు పక్కన పెట్టేశాను. తాత ఇంటి గుమ్మం, ఆయన వేళ్ల మధ్య పీక, నేను అన్న "మస్తు", అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చి ఏడుపొచ్చింది. నాయనమ్మ కొంగు పట్టుకుని ఉన్నదంతా చెప్పేశాను. జేబులోకి పోయిన రూపాయి గురించీ, నవ్వుతూ చెప్పిన కబురు గురించీ. వీపు మీద ఒకటి పడుతుందనుకున్నా. ఆమె నా ముక్కు తుడిచి, "చెప్పినవ్ గద, ఇగ ఊకో" అంది, అంతే. కానీ ఆ మాటలన్నీ ఆమె మనసులో పెట్టుకుందని నెల తర్వాత తెలిసింది.

జొన్న కళ్లం అయిన నాడు సన్నాయి తాత రాలేదు. రాడు మరి, ఊదలేదు కదా. అభిమానం గల మనిషి. మా నాయన కూడా ఆ ఊసెత్తకుండా బస్తాలు కట్టిస్తున్నాడు. నాయనమ్మ నన్ను పిలిచి, "పొయ్యి తాతను తోలుకరా. సన్నాయి గూడ పట్టుకరమ్మను" అంది. మొదటిసారి గెంతుకుంటూ పోయిన దారినే ఈసారి పరుగెత్తాను.

తాత వచ్చి దూరంగా నిలబడ్డాడు. నాయనమ్మ కుంచం చేతిలోకి తీసుకుంది.

"పెండ్లిల ఊదినాయన వాటా తియ్యాలె. ఊదింది పెట్టెలున్నాయన. ఆయనది ఏ ఊరో మనకు ఎరుకలేదు. పెట్టె తాన పెడితే ఏమైతదో నా మనుమరాలు చూసింది. అందుకే నీ తాన పెడుతున్న. నువ్వూ సన్నాయోనివే, ఆయనా సన్నాయోడే. ఎన్నడన్న ఈ తొవ్వ వస్తే ఇయ్యి. రాకుంటే నువ్వు తిను, నువ్వు తింటే ఆయన తిన్నట్టే."

ఒకటి అనకుండా "లాభం" అంటూ మొదటి కుంచం పోసింది. రెండు, మూడు. తాత తన తువాలు పరచలేదు. ఆయన కాదంటాడేమో అనుకున్నాను. చివరికి "ఉత్తగ ఎట్ల తీసుకుందునమ్మా! ఆయన పాట నడుమ ఆగింది. మిగిలింది నేను ఊదుత, అప్పుడు తీసుకుంట" అన్నాడు.

ఊదాడు. రికార్డు ఎక్కడ గరగరమని ఆగిందో సరిగ్గా అక్కడే అందుకున్నాడు. ఒక్కసారి విన్న పాట! మిగిలినది నిజంగా అట్లాగే ఉంటుందో ఉండదో ఆ ఊదినాయనకే తెలియాలి. మధ్యలో దమ్ము అందక ఆగాడు, మళ్లీ ఊదాడు. బస్తాలు కట్టేవాళ్లు దారం పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. పాట పూర్తయ్యాక మా నాయన లేచి వచ్చి, తల్లి చేతిలోంచి కుంచం తీసుకుని నాలుగోది తనే పోశాడు. అప్పుడు తాత తువాలు పరిచాడు.

ఆ తర్వాత మా ఊరి పెండ్లిళ్లన్నీ మైకులవే అయ్యాయి. తాతను మళ్లీ ఎవరూ పిలవలేదు, అబద్ధమెందుకు చెప్పాలి, మేమూ పిలవలేదు. వేరు కాపురమున్న ఆయన కొడుకు తాండూరు బండల గనిలో పనికి పోయాడు. మా కళ్లంలో మాత్రం తాత బతికున్నన్నాళ్లూ ఏటా పెట్టెలోని ఆయన వాటా తీశారు. నాయనమ్మ పోయాక మా నాయనే కొలిచేవాడు. కొలిచిన ప్రతిసారీ తాత ఆ మిగిలిన పాట ఊదేవాడు.

ఇప్పుడు మా మనవడి ఫోన్‌లో ప్రపంచంలోని పాటలన్నీ ఉన్నాయట. ఉచితమట. ఎవరు పాడారురా, వాళ్లకేమైనా ముడుతుందా అని అడిగితే, "నీకెందుకు నానమ్మా ఆ ఫికర్" అని నవ్వుతాడు. ఫికర్ ఎందుకు లేదు నాయనా! పెండ్లికి వెళ్తే ఇప్పటికీ నేను అక్షింతలు వేసి ముందు వెళ్లేది వాయించేవాళ్ల దగ్గరికే. ఇచ్చేది వాళ్ల చేతిలోనే పెడతాను, పక్కన పెట్టను. ఫోన్‌లో సన్నాయి వస్తూ వస్తూ టక్కున ఆగిపోయిందనుకోండి, నాకు తెలియకుండానే మిగిలినది నా గొంతులో మొదలవుతుంది. కళ్లంలో విన్న ఆ పాట ఏ పెట్టెలోకీ ఎక్కలేదు. మొన్న మనవడు పక్కన కూర్చుని, "ఇంకోసారి అను నానమ్మా" అన్నాడు. దమ్ము అందక మధ్యలో ఆగి, మళ్లీ అందుకుని, చివరిదాకా అన్నాను.