గొట్టం గుట్ట తట్టే ఉండల్ల

మా బావ కంబన్నకు సెంటు భూమి లేదు, సొంతిల్లు లేదు, నోట్లో నాలుక అంతకన్నా లేదు. కర్నూలులో ముప్పై ఏండ్లు ఆర్మ్‌డ్ రిజర్వు పోలీసు. అందులో పద్దెనిమిదేండ్లు ఆయుధాల గదిలో తుపాకులు తుడిచి, హెడ్ కానిస్టేబులుగా దిగిపోయినాడు. సంతలో వంకాయలు బేరం చెయ్యల్లన్నా మా అక్క సిద్దమ్మే చెయ్యల్ల. అట్లాంటి మనిషికి ఉండే ఆస్తి ఒకటే. మ్యాచి రోజు మా పాత గనిలో ఆయన ‘ఆగు’ అంటే ఎంతటోడైనా ఆగల్ల. ఆ మాట ఎట్ల పోయిందో చెప్తా. పోగొట్టినోళ్ళలో నేనూ ఉండా కాబట్టి కోపంగానే చెప్తా, ఏమనుకోవద్దండి.

నా పేరు వసంతకుమార్. మాది బేతంచెర్ల. ఓబుళరెడ్డి పెద్దాయప్ప నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌ను. ఉండే ఇల్లు ఫ్యాక్టరీ కాంపౌండులోనే. నా పిల్లోళ్ళు బడికి పోవల్లన్నా ఆయప్ప గేటు దాటే పోవల్ల. బావ రిటైరైనాక అక్కనూ ఆయన్నూ నా పక్క గదుల్లోకి పిలిపించింది నేనే. మంచికే పిలిచినా అనుకున్నా అప్పుడు.

ఫ్యాక్టరీ వెనక రెండు కిలోమీటర్లు పోతే రాయి అయిపోయిన గని ఉండాది. మూడు పక్కలా నిలువు గోడలు, ఒక పక్క లారీలు దిగిన దోవ, అంతే. లోపల నిలబడితే పొద్దు పది దాటినాక గాలి ఆడదు. కాళ్ళ కింద రాయి కాలుతాంటాది, నెత్తిన ఎండ, ఏ దిక్కు చూసినా రాతిగోడ. మా క్లబ్బు పిస్తోలు పోటీలు జరిగేది ఆ గుంతలోనే.

మా తట్టు పిస్తోలు లైసెన్సు ఉండేటోళ్ళకు కొదవ లేదు. పాత భయాలతో తీసుకున్న రైతులుండారు, బంగారం అంగళ్ళ సేట్లుండారు. ఎలక్షన్లు వస్తే పోలీస్ స్టేషన్లో అప్పజెప్తారు, అయినాక తెచ్చుకుంటారు. దాన్ని ఎట్ల పట్టుకోవల్లనో మాత్రం తెలియదు. ఒక పెండ్లిలో పెద్దమనిషి ఒకాయన నడుముకున్నది తీసి, కొత్తది అని పక్కాయనకు చూపిస్తాన్నాడు. దాని గొట్టం పందిట్లో పెండ్లికూతురు తట్టు ఉన్నింది. మా బావ ఆకు ముందరనుంచి లేచి చెయ్యి కడుక్కొని వచ్చేసినాడు. ఆ వారమే పిస్తోలు వాడేది నేర్పే క్లబ్బు పెట్టల్లని పట్టుకున్నాడు. కలెక్టరాఫీసు, పోలీసాఫీసు, ఆ కాగితం, ఈ కాగితం అని మూడేండ్లు తిరిగినాడు. చివరికి గని ఇచ్చింది ఓబుళరెడ్డి పెద్దాయప్ప. బాడుగ వద్దన్నాడు. కావల్లన్నప్పుడు ఖాళీ చేయల్ల అని మాత్రం అన్నాడు. క్లబ్బుకు ప్రెసిడెంటు కూడా ఆయప్పే.

మ్యాచి అంటే మీరు టీవీలో చూసే నిలబడి గురిచూసేది కాదు. మనిషి నడుస్తా, వంగుతా, అడ్డం పెట్టిన పాత తలుపుల సందుల్లోనుంచి కాల్చల్ల. అట్టబొమ్మలుంటాయి, కొడితే పడిపోయే ఇనప పలకలుంటాయి. ఎంత బాగా కొట్టినాడు, ఎంత తొందరగా కొట్టినాడు, రెండూ లెక్కే. అట్లాంటి దోవలు నాలుగు కట్టల్ల, ఒక్కోదాన్నీ స్టేజీ అంటారు. ముందురోజంతా బావకు అదే పని. తూటా రాయికి తగిలితే ఎనక్కి వస్తాది కాబట్టి గోడకు ఆనించి ఎర్రమన్ను గుట్ట పోయించల్ల. ఆ గుట్ట తట్టే కాల్చల్ల. కాల్చేటోని రెండు పక్కలా సున్నంతో గీత గీస్తాడు. పిస్తోలు గొట్టం ఆ గీత దాటి ఎనక్కి తిరిగిందా, మ్యాచి నుంచి బయటికే. కాల్చేటోని ఎనకాల మూరెడు దూరంలో గడియారం పట్టుకొని బావ నడుస్తాడు. వాళ్ళ ఎనక బెంచీ మీద మార్కులు రాసేది నేను.

పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిన్నాక అందర్నీ నిలబెట్టి బావ ఒకే మాట చెప్తాడు. మనల్ని ఎనకనుంచి పెద్దోళ్ళెవరైనా పిలిస్తే వీపు చూపించి నిలబడేది మనకు రాదు, తిరిగి దండం పెట్టేది చిన్నప్పటినుంచి వచ్చిన అలవాటు. ఆ అలవాటే ఈడ మనిషిని చంపుతాది అంటాడు. "ఈ గీత లోపల మీకు నాయన లేడు, తాత లేడు. ఎవురు పిలిచినా తిరగొద్దు. ఈడ వీపు చూపించేదే మర్యాద" అంటాడు. ఊర్లో వంకాయల బేరం చేతగాని మనిషి ఆ మాట చెప్తాంటే నాకు శానా గర్వంగా ఉండేది. ఇరవైమంది భూస్వాములు, సేట్లు, బడిపిల్లోళ్ళ మాదిరి చేతులు కట్టుకొని వినేటోళ్ళు.

పోయిన ఫిబ్రవరిలో జరిగిన మ్యాచిలో ఫస్టు వచ్చినోళ్ళను క్లబ్బు తరఫున రాష్ట్ర పోటీకి పంపల్లని అనుకున్నాము. పోటీ ఇద్దరి మధ్యనే అని అందరికీ తెలుసు. ఒకరు పెద్దాయప్ప మనవడు భూపేష్. బెంగళూరులో ఇంజనీరింగ్ చదివి గనుల వ్యాపారం చూసుకుంటాండాడు. మంచి పిల్లోడే, అబద్ధం చెప్పగూడదు. ఇంకొకరు ప్రొద్దుటూరు బంగారం అంగడి రామకోటయ్య సేటు కూతురు పద్మప్రియ. రెండేండ్లుగా నెలకు రెండు ఆదివారాలు తెల్లారకముందే మొబ్బులో బయలుదేరి వచ్చేది. వాళ్ళ నాయన కారులో దిగబెట్టి, పొద్దు మునిగేదాకా గోడ నీడన కూర్చొని పేపరు చదువుకునేటోడు.

రెండు స్టేజీలు అయ్యేసరికి ఆ పాప ముందుంది. మూడోదాంట్లో ఆఖరి ఇనప పలకలు మూడూ గబగబా పడిపోయినాయి. సేటు మురిపెం పట్టలేక, పేపరు పక్కన పారేసి లేచి "తల్లీ" అన్నాడు. ఆ పాప నవ్వుతా భుజం తిప్పింది. గొట్టం గీత దాటింది జానెడే.

బావ ‘ఆగు’ అన్నాడు. గొంతు పెంచలేదు. ట్రిగ్గర్ మీదనుంచి వేలు తియ్యమన్నాడు, పిస్తోలు ఖాళీ చేసి చూపించమన్నాడు, ఆ పాప అట్లే చేసింది. ఇంక నీ మ్యాచి అయిపోయిందమ్మా అన్నాడు. ఆ పాపకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి గానీ ఎదురు చెప్పలేదు. సేటే వచ్చి చేతులు పట్టుకున్నాడు. తప్పు నా నోటిది, పిల్లది కాదు, ఈ ఒక్కసారికి వదిలిపెట్టండి అని బతిమాలినాడు. తూటా బయటికొచ్చినాక ఎవరి తప్పు అని అడగదు కదా సార్ అన్నాడు బావ. పాపం, సేటు పోయి గోడ నీడన కూర్చున్నాడు. ఆ పాప మాత్రం పోకుండా నా పక్కన బెంచీ మీద కూర్చొని మిగతా మ్యాచి చూస్తా ఉన్నింది.

నాలుగో స్టేజీ. మధ్యాహ్నం రెండు దాటింది. భూపేష్ సగం దోవలో ఉండాడు. కాలుస్తాంటే పైన దోవకు తాడు కట్టి ఎర్రజెండా పెట్టల్ల, ఎవర్నీ దింపగూడదు. తాడు దగ్గర ఉన్నింది ఫ్యాక్టరీ వాచ్‌మన్ సుబ్బయ్య. పెద్దాయప్ప జీపు వచ్చింది. ఆయప్ప గనికి ఆయప్పనే ఆపేంత మొగోడు ఎవుడుండాడు? సుబ్బయ్య తాడు కిందికి ఇడిసినాడు. జీపు గుంతలోకి దిగింది. పెద్దాయప్ప పంచె సర్దుకొని దిగి, ఎప్పటిమాదిరే పిలిచినాడు.

"ఏమప్పా భూపేషా."

భూపేష్ నిలువునా తిరిగినాడు. ఎడంచెయ్యి దండానికి నుదిటి దాకా పోయింది. కుడిచేతిలో పిస్తోలు, వేలు ట్రిగ్గర్ మీద, లోపల ఎన్ని తూటాలున్నాయో వానికే తెలియాల. గొట్టం బెంచీ మీద ఈ కొసనుంచి ఆ కొస దాకా పోయింది. మొదట, మ్యాచికి కాపలాగా పోలీస్ స్టేషన్ నుంచి వచ్చిన కానిస్టేబులు, తర్వాత ఆ పాప, తర్వాత నేను. అబద్ధమెందుకు, ఒంటేలు పోసుకునే పని అయ్యింది.

బావ నోరు తెరిచినాడు. తెరిచి, నా తట్టు చూసినాడు.

ఆ చూపు నాకు తెలుసు. గని పోతాది, మూడేండ్లు తిరిగి తెచ్చుకున్న క్లబ్బు పోతాది. నా పని పోతాది, ఇల్లు పోతాది, అక్క సామాన్లు గేటు బయట ఉంటాయి. అన్నీ ఆ ఒక్క చూపులోనే ఉన్నాయి. నేను వద్దని తల అడ్డంగా ఊపినా. ఇంతే, ఇంత కొంచెమే ఊపినా. రాసే ప్యాడ్ మీద ఈగను తోలినట్ల కూడా కనపడి ఉండొచ్చు బయటోళ్ళకు. బావకు అర్థమయ్యింది.

"గుట్ట తట్టు చూడప్పా" అన్నాడు భూపేష్‌తో. గడియారం ఆపలేదు.

వాడు తిరుక్కొని మిగతావి కాల్చినాడు. బాగా కాల్చినాడు కూడా. నేను మార్కులు రాసినా. ఫస్టు భూపేష్. ఇరవైమందీ ఎవరి పిస్తోలు వాళ్ళు సర్దుకుంటాన్నారు. కానిస్టేబులు టోపీ తీసి తుడుచుకుంటా కూర్చున్నాడు. రామకోటయ్య సేటు పేపరు మడిచి మళ్ళా మడిచి చేతిలో పెట్టుకున్నాడు. పెద్దాయప్పకు ఏం జరిగిందో నిజంగా తెలియదు, ఆయప్పను అనేది లేదు. మా పిల్లోనికి బాగా నేర్పించినావు కంబన్నా అని బావకు శాలువా కప్పినాడు. ఆ ఎండలో, ఆ గుంతలో, చెమటలు కారుతాంటే మా బావ ఆ శాలువా కప్పుకొని ఫోటోకు నిలబడినాడు. తీసేదానికి లేదు, పెద్దాయప్ప పక్కనే ఉండాడు.

అందరూ పోతాంటే పద్మప్రియ బావ దగ్గరికి వచ్చింది. తిడ్తాదేమో, తిడితే బాగుండు అనుకున్నా నేను.

"నన్ను ఆపినందుకు నాకేం బాధ లేదు సార్. నన్ను ఆపినప్పుడు, ఈడ ఎవురికీ ఏమీ కాదులే అని ధైర్యంగా అనిపించింది" అనింది. దండం పెట్టి కారెక్కింది. మళ్ళా రాలేదు.

బావా నేనూ అట్టబొమ్మలు విప్పుతా గుంతలో మిగిలినాము. నాకు ఉండబట్టలేదు. ఏమనుకోవద్దు బావా, నా వల్లనే కదా, నేను తల ఊపకుంటే నువ్వు ఆపేటోడివే కదా అని ఏందేందో అంటాన్నా. ఆయన మేకులు ఏరి డబ్బాలో వేస్తా ఉన్నాడు.

"నువ్వు ఊపినావని ఆగలేదు వసంతా. ఊపుతావని తెలిసే నీ తట్టు చూసినా" అన్నాడు.

ఇద్దరం తలుపులు మోసుకొని దోవ ఎక్కినాము.

ఆ తర్వాత మ్యాచిలో క్వారీ కాంట్రాక్టరు ఒకాయన ఫోన్ మోగిందని పిస్తోలు పట్టుకొని ఎనక్కి తిరిగినాడు. బావ ‘ఆగు’ అన్నాడు. ఆయన నవ్వి, భూపేషుకు లేని రూలు నాకేందప్పా అన్నాడు. ఆయన అట్లే కాల్చి, ఫోన్ తీసి మాట్లాడుకుంటా పోయినాడు. అంతే, తాడు తెగినట్లయింది. ఒకడు జెండా ఉండంగానే బొమ్మల దగ్గరికి పోతాడు, ఇంకొకడు తూటాలుండంగానే నడుముకు దోపుకొని టీ తాగేదానికి వస్తాడు. బావ చెప్తానే ఉంటాడు. వాళ్ళు ఊఁ అంటానే ఉంటారు.

నడిచేది మాత్రం మారిపోయింది. ముందు కాల్చేటోని ఎనక కుడిపక్కన నడిచేటోడు. ఇప్పుడు సరిగ్గా వానికీ బెంచీకీ మధ్యలో నడుస్తాండాడు. వాడు ఎడంపక్కకు జరిగితే ఎడంపక్కకు, కుడికి జరిగితే కుడికి. అరవై ఐదేండ్ల మనిషి, మోకాళ్ళ నొప్పులు. అక్క అంగీ ఉతుకుతా, ఈయప్పకు ఇంత చెమట యాడనుంచి వస్తాందిరా అని నన్ను అడిగింది. నేను ఎండ అని చెప్పినా.

పోయిన వారం గట్టిగా పట్టుకున్నా. మానుకో బావా, మోకాళ్ళు నొప్పులని చెప్పు, పెద్దాయప్ప ఏమీ అనుకోడు, ఇంకెవర్నన్నా పెట్టుకుంటారు అన్నా. ఆయన తినే జొన్నరొట్టె నమిలి మింగి, నీళ్ళు తాగి, అప్పుడు చెప్పినాడు.

"నేను మానుకుంటే నిన్ను మార్కులు రాసేదానికి పిలవరా?"

పిలుస్తారు. పిలిస్తే నేను పోకుండా ఉండలేను.

"ఇంగ నన్నెట్ల మానుకోమంటావురా" అని, చెయ్యి కడుక్కునేదానికి లేచినాడు.

ఎల్లుండి ఆదివారం మళ్ళా మ్యాచి. ముప్పైమంది పేర్లిచ్చినారు. బావ పొద్దున్నే సున్నం తడిపేదానికి గనికి పోయినాడు, నేను బెంచీ తీసుకొని పోవల్ల.