మగ్గం గుంటలో మల్లెచెట్టు

మా తిరుత్తణి చదువుల్లో ఎప్పుడైనా ఫస్టు వచ్చిందో లేదో నాకు తెలియదు. ఎండల్లో మాత్రం తరచూ వస్తుంది. సాయంత్రం టీవీ వార్తల్లో ఏ ఊళ్ళో ఎంత కాసిందో చదివేటప్పుడు మా వీధి మొత్తం చెవులు రిక్కిస్తుంది. వేలూరు మమ్మల్ని దాటిపోయిన రోజు మా పక్కింటి అక్క ముఖం, తోడుకోని పాలు చూసినట్టు చిన్నబోతుంది.

మా ఊరు గెలిచిన మర్నాడు పొద్దున్నే గోడ దగ్గరికి వస్తుంది. గోడ మోచేతులు కాల్చకుండా మడిచిన గోనెసంచి ఒకటి వేసుకుని, దానిమీద ఆనుకుంటుంది.

"చూసినావా మే? నిన్న మనమే ఫస్టు."

"ప్రైజు ఏమిస్తారక్కా?"

"చెమటకాయలు. నాకు వీపంతా ఇచ్చినారు."

అక్కది ఊత్తుకోట వైపు పల్లె. పుట్టిల్లు సేద్యం ఇల్లు. మాది నేత ఇల్లు. ఇద్దరమూ ఇంట్లో తెలుగే మాట్లాడతాం, ఇద్దరమూ కూరగాయల బండివాడితో తమిళంలోనే పోట్లాడతాం. అయినా చెట్టూచేమల సంగతి వచ్చేసరికి ఆవిడ నన్ను మనిషి కింద లెక్కపెట్టదు. "మీకు ఆకంటే అరిటాకే మే. అది కూడా అన్నం పెట్టినాకనే తెలుస్తాది" అంటుంది. నేను కాదనను. అరిటాకు ఏ వైపు వేయాలో ఇప్పటికీ ఒక్క క్షణం ఆలోచిస్తాను.

అలాంటి నాకూ ఒక మల్లెచెట్టు ఉంది. అది ఉన్న చోటు గురించి చెప్పాలి.

మా ఇంటి ముందు వసారాలో ఒకప్పుడు గుంట మగ్గం ఉండేది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, అడుగున చెక్కలు తొక్కుతూ నేను లుంగీలు నేసిన చోటు అది. వీధిలో పవర్‌లూంలు మోత మొదలుపెట్టాక మా మగ్గం మూగదైంది. తరవాత ముక్కముక్కలుగా పొయ్యిలోకి పోయింది. ఒక వానకాలం వసారా కప్పు కూడా కూలింది. గుంట మాత్రం మిగిలింది. వచ్చేపోయేవాళ్ళు అందులో కాలు విరగ్గొట్టుకోకుండా మట్టి పోశాం. మట్టి ఉంది కదా అని మల్లె అంటు పెట్టాను. పైన నా వేళ్ళు ఆడిన చోట కింద దాని వేళ్ళు దిగాయి. చూస్తూ ఉండగానే గోడెక్కి కూర్చుంది.

ఆ చోటు మీద మా ఆయనకి కన్నుంది. ఆయన పట్టాభిరామ్ స్టేషను దగ్గర ఒక చిన్న కంపెనీలో సెకండ్ షిఫ్టు. మధ్యాహ్నం రైలుకి బయలుదేరేదాకా బండి ఇంటి ముందు ఎండలోనే ఉంటుంది. స్టేషనుకి పోయేటప్పుడు దాని సీటు మీద కూర్చోవడం, ఎగిరి లేవడం, మళ్ళీ అంచు మీద ఆనడం. రోజూ ఉచితంగా చూడదగ్గ నాట్యం. నవ్వు ఆపుకోవడం నా వల్ల కాదని ఆ సమయానికి వంటింట్లోకి వెళ్తాను.

ఈ ఏడు నడివేసవి కత్తెర ఎండలు మొదలయ్యేనాటికి ఆయన ఓర్పు కరిగిపోయింది.

"ఆ గుంట మీద సిమెంటు వేసి, పైన రేకు కప్పితే బండి నీడన ఉంటాది మే."

"మల్లె?"

"ఈ వెయిలుకి అదెట్లాగూ పోతాది. బతికున్నంత దాకా నేను తాకను. బతికితే నీది, చస్తే నాది. సరేనా?"

సరే అన్నాను. అంత ధీమాగా ఒప్పుకున్నదాన్ని చెట్టు వైపు ఒకసారి చూసి ఒప్పుకుని ఉండాల్సింది. మర్నాడు చూస్తే ఆకులమీద బూడిద చల్లినట్టు సన్నని తెల్లచుక్కలు. ఆకు తిప్పితే కింద దారాలు. సాలెగూడు కన్నా సన్నం. ఏ మిల్లువాడూ తీయలేనంత సన్నం.

అక్కని పిలిచాను. గోడ మీదనుంచి చెయ్యి చాపి ఒక కొమ్మ వంచింది.

"తెల్లగుడ్డ ఏమన్నా ఇయ్యి."

దండెం మీద ఉతికి ఆరేసిన మా ఆయన పంచె ఉంది. అదే అందించాను. అక్క దాన్ని గోడ మీద పరిచి, పైన కొమ్మని టపటపా దులిపింది. పంచె మీద కారంపొడి రాలింది. కాసేపటికి ఆ కారంపొడి నడవడం మొదలుపెట్టింది.

"ఎర్ర పూచి మే. నల్లి జాతి. ఎండ ఎంత కాస్తే అంత పిల్లల్ని పెడతాది. రసమంతా పీల్చేసి గూడు అల్లుకుంటాది."

నాకు కోపం రావాల్సింది. ముందు అసూయ వచ్చింది. మగ్గం పోయిన ఇంట్లో మళ్ళీ నేత మొదలైందన్నమాట. పడుగు లేదు, పేక లేదు, కూలి అడిగేది లేదు. నా చోటులోనే నాకన్నా సన్నగా నేస్తోంది.

"మా తమ్ముడు చేనుకి కొట్టే మందు ఉండాది. తెప్పిస్తా. ఒక్క మూత నీళ్ళల్లో పోసి కొడితే పూచి, పూచి అత్తామామలు, అందరూ పోతారు" అంది అక్క.

"మరి పువ్వులు?"

"కొన్నాళ్ళు తల్లో పెట్టుకోవద్దు."

"నా తల్లో పేలు లేవక్కా, మందు కొట్టిన పువ్వు పెట్టుకునేదానికి."

"అయితే చూస్తా కూచో. నేసేవాళ్ళకి చేన్ల సంగతి యాడ తెలుస్తాది?"

ఆ మాట పట్టుకుంది నన్ను. నేసేవాళ్ళకి తెలిసింది ఒకటుంది: గంజి. గంజినీళ్ళు చల్లితే ఎండి పొరలు కట్టి, ఆ పొరతో బాటు నల్లి కూడా రాలిపోతుందని ఎక్కడో విన్నాను. పడుగుకి గంజి పెట్టడంలో మా వీధిలో నన్ను మించినవాళ్ళు లేరు. ఈ మాట నేను చెప్పుకోకూడదు, కానీ చెప్పేవాళ్ళందరూ పవర్‌లూంలకి పోయారు కాబట్టి నేనే చెప్పుకోవాలి.

నేను విన్న ఆ గంజి పలచటి కుడితినీళ్ళు. నా చేతులకి తెలిసిన గంజి వేరు. అన్నం పులియబెట్టి, మెదిపి, గుడ్డలో వడగట్టి, దారం పుటుక్కుమనకుండా ఒక గరిటె వేరుశనగ నూనె కలిపి చిక్కగా చేసింది. అటక మీదనుంచి పాత గంజి కుంచె దించాను. ఎండ ఎక్కేదాకా ఆగాను, పడుగుకి గంజి పెట్టాక మంచి ఎండ తగలాలి కదా. ఆకు ఆకుకీ పైనా కిందా, ఒకే వైపు దువ్వుతూ, ముడి పడకుండా పూశాను. చాలా ఏళ్ళ తరవాత చేతికి పని దొరికిన సంతోషంలో ఒక పాట కూడా పాడాను. పూచి అప్పుడే చచ్చి ఉంటే ఆ పాటకే చచ్చి ఉండాలి.

మధ్యాహ్నానికి గాలి వీచింది. చెట్టు పటపటమంది.

అక్క గోడ దగ్గరికి పరుగున వచ్చింది. "ఏంది మే ఈ సద్దు?" చూసింది. ఒక ఆకు పట్టుకుని వంచబోయింది. అప్పడంలా విరిగింది. "అయ్యో పావం! మల్లెకి ఇస్త్రీ చేసినావా? యాడికి పోతా ఉండాది, పెండ్లికా?"

"గంజి అక్కా."

"గంజి సరే. ఈ జిడ్డేంది?"

"నూనె."

"ఈ వెయిల్లో ఆకుకి నూనె పూసి నిలబెట్టినావా! ఇంక తాలింపు గింజలు ఒక్కటే తక్కువ."

మర్నాటికి ఆకులు వేగిన రంగుకి వచ్చాయి. వాటి కింద నల్లి మాత్రం కొత్త దారాలు లాగుతోంది, గంజి పెట్టిన పడుగు దొరికిన ఉత్సాహంతో. మా ఆయన బండి తాళం తిప్పుకుంటూ వచ్చి, చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"ఆదివారం మేస్త్రీని రమ్మంటా."

"ఇంకా చావలేదు."

"మూతికాడ అద్దం పెట్టి చూడు" అని రైలుకి పోయాడు.

ఆ సాయంత్రం అక్క గోడ దగ్గర ఆగలేదు. గేటు తీసుకుని లోపలికి వచ్చింది, చేతిలో కొమ్మలు కత్తిరించే కత్తెరతో. "తప్పు చేసింది నువ్వు, చెట్టు కాదు. మోకాలి దాకా కోసేద్దాం" అంది.

"కత్తెర ఎండల్లో కత్తెర పెడితే చస్తాదక్కా."

"పెట్టకపోయినా చస్తాది. పెడితే, ఏమో."

కోశాం. గోడెక్కిన తీగ మొత్తం కిందికి లాగి, నల్లి పాకకుండా దూరంగా తీసుకుపోయి కాల్చేశాం. మల్లె కాలితే మంచి వాసన వస్తుందనుకున్నాను. గంజి మాడిన వాసన వచ్చింది. మిగిలిన మోళ్ళమీద నా పాత చీర ఒకటి పందిరిలా కట్టాం. రోజూ తెల్లవారకముందే కడవతో నీళ్ళు పోసి, మోళ్ళని తడిపాను. అక్క గోడమీదనుంచి చూస్తూ "తడి ఉంటే ఎర్ర పూచికి పడదు మే, ఇంకా పోయి" అని అజమాయిషీ చేసింది. మందు మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

ఆదివారం మేస్త్రీ వచ్చాడు. ఇసక, సిమెంటు మూటలు టెంపోలోంచి దించాడు. చీర పందిరి కింద నిలబడిన మోళ్ళని చూసి, ఏదైనా గుడి అనుకున్నాడేమో, చెప్పులు కాస్త దూరంగా విడిచాడు. ఇసక, సిమెంటు కలిపి నీళ్ళు పోసి సిద్ధం చేసుకున్నాక, "కొంజం తళ్ళుంగమ్మా" అన్నాడు మర్యాదగా.

నేను పక్కకి జరగలేదు. మోళ్ళ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

మా ఆయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "ఒప్పుకున్నావా లేదా?"

"ఒప్పుకున్నా."

"చస్తే నాది అనుకున్నామా లేదా?"

"అనుకున్నాం."

"మరి లే."

"లెయ్యను."

"అది చచ్చింది మే! పుల్లలు! పొయ్యిలో పెట్టుకునే పుల్లలు!"

"చచ్చిందో బతికిందో నాకూ తెలీదు మామా. చచ్చిందనే పెట్టుకో. ఓడిపోయినా. అయినా లెయ్యను."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నేను వాదించడం చూశాడు, అలగడం చూశాడు. ఓడిపోయానని ఒప్పుకుంటూనే కదలకుండా కూర్చోవడం చూడలేదు. నిజానికి నేనూ చూడలేదు. నోట్లోంచి ఆ మాట వచ్చాకే నాకు అర్థమైంది, చెట్టు చుట్టూ పెట్టుకున్న ఆ పందెమే తప్పని. ఈ గుంటలో కాళ్ళు దించి నేను ఈ ఇంటికి అన్నం పెట్టాను. దానికి అద్దె కింద ఒక చెట్టు బతికి చూపించాలా?

"ఇది నేను తొక్కిన గుంట. చెట్టు పోతే ఇంకో చెట్టు పెడతా. అదీ పోతే గడ్డి పెరగనిస్తా. సిమెంటు మాత్రం పడదు" అన్నాను.

"బండి ఎండలో చావాలా?"

"గేటు పక్కన వేసుకో రేకు."

"గేటు పక్కన చోటు యాడుండాది?"

ఉంది. విరిగిన కుర్చీలు, తిరగని ఫ్యాను, చక్రం లేని సైకిలు, ఏ ఇంటిదో తెలియని ఒక తలుపు ఆ చోటంతా పరుచుకుని ఉన్నాయి. అన్నీ ఆయన దాచినవే.

"అదంతా పనికొచ్చే సామాను!"

"ఎన్నటికి?" అని గోడ మీదనుంచి అక్క. ఎప్పటినుంచి అక్కడుందో తెలియదు, గోనెసంచి పరుచుకుని సౌకర్యంగా ఉంది. "ఆ తలుపు మీ పెండ్లినాటినుంచీ చూస్తా ఉండా అన్నా. ఇంకా ఇల్లు దొరకలేదా దానికి?"

మేస్త్రీ మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. తెలుగు ఎంత అర్థమైందో గానీ ఎండ బాగా అర్థమైంది. కలిపిన సిమెంటు వైపు చెయ్యి చూపించి, ఇది ఎవరి కోసమూ ఆగదు, ఎక్కడ వేయాలో తొందరగా చెప్పమని తమిళంలో అన్నాడు. నిజమే, అప్పటికే అంచులు తెల్లబడుతున్నాయి.

మా ఆయన సిమెంటు వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను పీట మీద ఇంకాస్త స్థిరపడ్డాను. చివరికి చొక్కా విప్పి గోడమీద పడేసి, ముందుగా ఆ ఫ్యానునే ఎత్తాడు. నేను లేచి సైకిలు పట్టబోతే "నువ్వు లెయ్యనన్నావు కదా, కూచో!" అన్నాడు. కూర్చున్నాను. ఆ కోపంలోనే తలుపు కూడా ఒక్కడే మోశాడు. గేటు పక్కన నేల చదును చేసి మేస్త్రీ సిమెంటు పరిచేసరికి మధ్యాహ్నమైంది. అందరికీ నేనే మజ్జిగ ఇచ్చాను. ఆయన గ్లాసు తీసుకున్నాడు గానీ నా ముఖం చూడలేదు. ఆ వారమంతా మా మధ్య మాటలు ఉప్పు, నీళ్ళు, తాళంచెవి వరకే సాగాయి.

మొన్న తెల్లవారుజామున నీళ్ళు పోస్తుంటే ఒక మోడు కణుపు దగ్గర పచ్చగా, బియ్యపుగింజంత కనిపించింది. మిగతా మోళ్ళలో రెండు ఎండిపోయాయి, వాటి మీద నాకు ఆశ లేదు. అక్క గోడమీద వంగి చూసింది.

"చిగురు మే! పిలువు మీ ఆయన్ని, చూపించు! నువ్వే గెలిచినావు!"

"చూపించనక్కా."

"ఏం?"

"చూపిస్తే, ఇది బతికింది కాబట్టే చోటు నాకు దక్కిందనుకుంటాడు. చచ్చినా ఆ చోటు నాదే కదా."

అక్క గోనెసంచి మడుచుకుంటూ, "నేసేవాళ్ళకి తిక్క కూడా సన్నంగానే ఉంటాది" అంది. నేను చీర పందిరి ఒక మూల కిందికి లాగి చిగురు కనిపించకుండా ముడి వేశాను.