పక్క సీటు బ్రేకు

లోకంలోని కారు దొంగలంతా కలిసి సంఘం పెట్టుకుంటే, ఆ ఆఫీసు గోడకు మా అమ్మమ్మ ఫోటో తగిలించి, కింద ‘ఈవిడ జోలికి వెళ్ళకండి’ అని పెద్దక్షరాలతో రాసుకుంటారు.

అమ్మమ్మ ముప్పై ఏళ్ళు డ్రైవింగ్ నేర్పింది. వీధిలో సగం మంది స్టీరింగ్ పట్టింది ఆమె దగ్గరే, తిట్లు తిన్నదీ ఆమె దగ్గరే. నేర్పడానికి వాడిన కారు ఇప్పటికీ ఇంటి ముందే ఉంది. వయసులో అమ్మమ్మకు సగమే గానీ, దగ్గు మాత్రం రెట్టింపు. పక్క సీటు ముందు, కాళ్ళ దగ్గర కూడా దానికో బ్రేకు, క్లచ్ ఉంటాయి. నేర్పేవాళ్ళ ప్రాణాలు వాటి మీదే.

పాత కారుకు అరిచే అలారం ఉండదు కదా, దొంగలకు అదంటే మహా ముద్దు. ఒక ఏడు ఒకడు అద్దం ఊడబెరుక్కుపోయాడు. ఇంకొకడు చక్రం సగం విప్పి, మనసు మార్చుకుని పోయాడు. దాంతో అమ్మమ్మ కోట కట్టింది. స్టీరింగుకూ క్లచ్‌కూ కలిపి గొలుసు, తాళం. బ్యాటరీ వైరు ఊడదీసి చేతిసంచిలో. సీటు కింద పెట్రోలు ఆపేసే దొంగ మీట. ఇవన్నీ చాలవన్నట్టు పైన మందపాటి కవరు. కారు బయటికి తీయాలంటే ఆమెకే అరగంట పట్టేది.

మా అమ్మకు ఒళ్ళు మండింది.

“నేర్చుకునేవాళ్ళు రావడం మానేసి రెండేళ్ళయింది. ఇప్పుడొచ్చేది దొంగలే. సాయంత్రం పాత సామాన్ల కొట్టాయన వస్తున్నాడు, ఇచ్చేద్దాం.”

“నన్నూ తూకం వేసి ఇచ్చెయ్యి, పీడా పోతుంది” అంది అమ్మమ్మ.

ఆ మధ్యాహ్నం, ఆఖరిసారి ఓ చుట్టు తిరిగొద్దామని కోటంతా విప్పింది. తాళంచెవి పెట్టింది. పెట్టి, అలవాటు కొద్దీ పక్క సీట్లో కూలబడింది. కవరు మడిచే ఓపిక లేక ఒంటి మీదే కప్పుకుంది. ముప్పై ఏళ్ళ సీటు, ఇట్టే నిద్ర పట్టేసింది.

అప్పుడొచ్చాడు వాడు. వాడికో ముప్పై ఏళ్ళుంటాయి. లోపల తాళంచెవి, పక్కన గుడ్డల మూట. ఎక్కి స్టార్ట్ చేశాడు. బండి ఎగిరిపడి ఆగిపోయింది.

“క్లచ్ అంత గబుక్కున వదిలితే ఆగక చస్తుందా? మెల్లగా వదులు నాయనా” అంది మూట, నిద్రలోనే.

“సరే మేడమ్” అనేసి, మెల్లగా వదిలి, వీధి చివరి దాకా పోనిచ్చాడు. మాట్లాడింది మూటేనని వాడికి అక్కడ తట్టింది. అమ్మమ్మకు మెలకువ వచ్చిందీ అక్కడే, వాడు సిగ్నల్ వెయ్యకుండా మలుపు తిప్పబోతే. కవరు విసిరికొట్టి కాలితో బ్రేకు తొక్కేసింది.

“ఎవడివిరా నువ్వు?”

“దొంగనండీ.”

“అది కనబడుతూనే ఉంది. లైసెన్సుందా?”

“లేదండీ.”

“సిగ్గులేదూ, లైసెన్సు లేకుండా దొంగతనానికొస్తావా!”

వాడు తలుపు లాగాడు, గుంజాడు, భుజంతో పొడిచాడు. ఆ తలుపు బయటి నుంచి తప్ప తెరుచుకోదు.

“వెనక్కి పోనీ. ఇంటికి.”

“రివర్స్ రాదండీ.”

“రాకపోతే నేర్చుకో.”

వీధంతా వెనక్కి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. వాడు తిప్పుతున్నాడు, ఈవిడ తిడుతూ తొక్కుతోంది. గేటు దగ్గర మా అమ్మ నిలబడి ఉంది.

“ఎవరమ్మా ఈయన?”

నిజం చెబితే సాయంత్రానికి కారుండదు. అమ్మమ్మ అబద్ధం వెతుక్కునేలోపే దొంగ చెమట తుడుచుకుంటూ అందుకున్నాడు.

“నేర్చుకుంటున్నానండీ. మేడమ్ కొంచెం గట్టిగానే చెప్తారు.”

అమ్మ ముఖం చేటంతయింది. తనే తలుపు తీసి, మంచినీళ్ళు తెచ్చిచ్చింది. వాడు రెండు గ్లాసులు తాగి, వెనక్కి చూడకుండా పోయాడు. అమ్మ కొట్టాయనకు ఫోన్ చేసి రావద్దంది.

ఇదంతా రాసి అమ్మమ్మకు చదివి వినిపించాను. అమ్మ కంటబడితే కారు గతేమిటని కూడా అడిగాను.

“కారుకేం కాదు గానీ, వాడు ఇరవై నిమిషాల్లో రివర్స్ నేర్చుకున్నాడు. నువ్వు మూడు నెలలుగా నా దగ్గర నేర్చుకుంటూ గేటునే గుద్దుతున్నావు. నీకంటే ఆ దొంగ వెధవే నయం, పోయి వాణ్ణి వెతుక్కురా.”