ముల్లు తీసిన ముద్ద

మా అత్తగారు తలపుకొస్తే నాకు ముందు కోపమే వస్తుంది. ఆవిడ చేతి చేపల కూర తర్వాత గుర్తొస్తుంది.

మా పాపకు అన్నం ఆవిడే పెట్టేది. చేపలో సన్నముల్లు కూడా మిగలనిచ్చేది కాదు. పాప నోరు బిగిస్తే మాత్రం, "తినవేటే? రేపు బడికెల్తావు గదా, టీచరమ్మ నీ తోలు తీసేస్తాది" అనేది. ముద్దముద్దకీ అదే మాట.

బడంటే ఆటలని, పాటలని నేను పగలంతా చెప్పేదాన్ని. వాటర్ బాటిల్ మూత తిప్పడం, చెప్పులు తొడుక్కోవడం నేర్పేదాన్ని. అదంతా ఆవిడ అన్నం గిన్నె ఖాళీ అయ్యేలోగా ఊడ్చిపెట్టేసేది. ఒళ్ళు మండి ఒకరోజు అడిగేశాను.

"పిల్లకి బయముండాల. నీకేటి తెల్సు" అంది, ముల్లు తీస్తూనే.

మొదటి రోజు శ్రీకాకుళంలో బడి గేటు దగ్గర పిల్లలందరూ ఏడుస్తున్నారు. మా పాప ఏడవలేదు. నవ్వుతూ ఎదురొచ్చిన టీచర్ ముందుకు వెళ్ళి, కళ్ళు గట్టిగా మూసుకుని, దెబ్బలకు రెండు అరచేతులూ చాచింది.

నా పక్కనే ఉన్న అత్తగారు మురిసిపోయింది.

"సూసావా, ఎంత బుద్దిగా నిలబడ్డాదో."