పాలరాతి మెట్లకు పసుపు

బాల్టిమోర్‌లో విద్య కొన్న ఇల్లు వరసగా కలిపి కట్టిన ఇళ్ళలో ఒకటి. వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఎర్ర ఇటుక ముఖాలు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే ఉమ్మడి గోడ. ముందు జాగా ఉండదు. తలుపు తీస్తే మూడు తెల్ల పాలరాతి మెట్లు, వాటి కింద కాలిబాట. వందేళ్ళు దాటిన వరస కాబట్టి ముందువైపు మేకు కొట్టాలన్నా ఆ వీధివాళ్ళ అసోసియేషన్‌ని అడగాలి.

ఆ ఇంట్లో విద్య తల్లి ధనమ్మకి పని లేదు. గిన్నెలకి మెషీన్, బట్టలకి మెషీన్, ఊడవడానికి తనంతట తానే తిరిగే ఇంకో మెషీన్. పాలకొల్లులో ఇంటిల్లిపాదికీ చేసి పెట్టిన మనిషి సోఫాలో చుట్టంలా కూర్చునేది. పొద్దున్నే మెట్లు కడగడం ఒక్కటే ఆమెకి మిగిలింది.

శ్రావణ శుక్రవారం నాడు పై మెట్టుకి నిండుగా పసుపు రాసి బొట్లు పెట్టింది. తప్పుపట్టేవాళ్ళు ముందు ఆ తలుపు కింద చూడాలి. అక్కడున్నది అల్యూమినియం పట్టీ. దాన్ని గడప అని ఎవరనుకుంటారు?

పాలరాయి పసుపుని పీల్చేసింది. సాయంత్రం అసోసియేషన్ ఆయన చూసి వెళ్ళాక విద్యకి తల కొట్టేసినట్టయింది.

"అమ్మా, ఇది హిస్టారిక్ డిస్ట్రిక్ట్! ఇంక నువ్వు ఫ్రంట్ స్టెప్స్ టచ్ చేయొద్దు, ప్లీజ్."

ధనమ్మ ఆ పూట అన్నం తినలేదు. కూతురు అరిచినందుకు కాదు, ఉన్న ఒక్క పనీ పోయినందుకు ఏడ్చింది.

మర్నాడు పొద్దున పక్కింటి లొరెట్టా బకెట్, రుద్దుడు రాయి పట్టుకొచ్చింది. ఆవిడ పుట్టింది ఆ వీధిలోనే. శనివారం వస్తే అక్కడి ఆడవాళ్ళంతా మెట్లు తోమేవాళ్ళట, తెల్లగా లేని మెట్లవాళ్ళ గురించి చెవులు కొరుక్కునేవాళ్ళట. ఇప్పుడు ఆవిడ మోకాళ్ళు వంగవు. సొంత మెట్లే నాచు పట్టాయి. రాయి ధనమ్మ చేతికిచ్చి, గాలిలో రుద్ది చూపించింది. విద్య నోరు తెరిచేలోపే ధనమ్మ కొంగు దోపి కూర్చుంది.

పసుపు చాలావరకు వదిలింది. ధనమ్మ లేచి, ఎవరూ అడక్కుండానే లొరెట్టా మెట్ల దగ్గరికి వెళ్ళింది.

"యూ డోంట్ హావ్ టు, హనీ," అంది లొరెట్టా. ధనమ్మకి అర్థం కాలేదు. అర్థమైనా ఆగేది కాదు. ఆ తర్వాత ఏ శనివారమూ ఆగలేదు, విద్య కూడా ఆపలేదు.

మొన్న శనివారం విద్య రెండు చేతుల్లో గ్రోసరీ సంచులతో వచ్చేసరికి లొరెట్టా కుర్చీలో కూర్చుని మరకలు చూపిస్తోంది, ధనమ్మ తోముతోంది. విద్య మెట్టు మీద కాలు పెట్టబోయింది.

"ఆగు, తడిగా ఉంది," అంది ధనమ్మ తలెత్తకుండా. "వెనకనుంచి రా."

ఆ వరసలో ఇంటికీ ఇంటికీ మధ్య దారి ఉండదు. వెనక్కి వెళ్ళాలంటే వీధి చివరిదాకా నడిచి తిరిగి రావాలి. విద్య సంచులు మోసుకుంటూ అటు నడిచింది.